నా అరచేతి చెమటతో మీకేం పని?

బెంగళూరులో ఏదైనా ఆంధ్రా మెస్సుకి మధ్యాహ్నం ఒంటిగంటన్నరప్పుడు వెళ్ళి, అరిటాకు ముందు కూర్చున్న మనిషిని కాసేపు గమనించండి. నుదుటి మీద చెమట, కళ్ళలో నీళ్ళు, ఎర్రబడ్డ ముక్కు, ఎడమ చేతిలో కర్చీఫు. అయినా ఆగడు. కందిపొడి మీద ఇంకో చెంచా నెయ్యి వెయ్యమని వడ్డించే కుర్రాడికి సైగ చేస్తాడు. ఇప్పుడు ఆయన వేళ్ళకి రెండు తీగలు తగిలించి, ముఖానికి ఎదురుగా ఒక కెమెరా పెట్టి, "ఈయనకి భోజనం నచ్చిందా?" అని మెషీన్‌ని అడిగామనుకోండి. చెమట ఎక్కువగా ఉంది, కన్నీళ్ళున్నాయి, గుండె వేగం పెరిగింది, నవ్వు లేదు. ఆ లెక్కన ఆయన్ని వెంటనే అంబులెన్స్ ఎక్కించాలి. ఆయన మాత్రం రేపు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని అదే బల్ల దగ్గరికి వస్తాడు.

జోక్‌గానే చెప్తున్నా గానీ పూర్తిగా జోక్ కాదు. నేను పనిచేసేది కస్టమర్ సపోర్ట్‌లో, క్వాలిటీ టీమ్‌లో. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆఫీసు, మా ఫ్లోర్ మీద తెలుగు, కన్నడ, తమిళం, హిందీ కాల్స్. ఏజెంట్లు మాట్లాడిన కాల్స్ వినడం, మార్కులు వెయ్యడం, కస్టమర్ తృప్తిగా ఫోన్ పెట్టాడా లేదా అని నెలాఖరుకి పైవాళ్ళకి చార్టులు చూపించడం, ఇదీ నా పని. ఈమధ్య ఇలాంటి కొలతలకి పరికరాలు, సాఫ్ట్‌వేర్లు అమ్మడానికి మా దగ్గరికొచ్చే వెండర్లందరూ ఒకే మాట పట్టుకుని అమ్ముతున్నారు. "కస్టమర్ నోరు అబద్ధం చెప్తుంది మేడం, ఒళ్ళు చెప్పదు." గొంతులో వణుకు, ముఖంలో కండరాల కదలిక, కనుపాప సైజు, చర్మం మీద చెమట, గుండె వేగం... మనిషికి తెలియకుండానే ఒళ్ళు బయటపెట్టే ఈ సంగతులన్నీ పట్టుకుంటే ఇంక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదట.

అడగాలి అనేది నా వాదన. ఈ మాటలో సైన్సు సగమే నిజం, మర్యాద అసలు లేదు.

ముందు వెండర్ల వైపు నుంచి న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. సర్వేలు చెడిపోయాయి, నిజమే. 2003 డిసెంబరులో ఫ్రెడ్ రైకెల్డ్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాసి, కంపెనీలకి ఒక్క ప్రశ్న చాలన్నాడు. "మమ్మల్ని మీ స్నేహితులకి సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 లోపు ఎంత?" 9, 10 ఇచ్చినవాళ్ళు మనవాళ్ళు. 7, 8 ఇచ్చినవాళ్ళు అటూ ఇటూ కానివాళ్ళు, లెక్కలోంచి జారిపోతారు. 0 నుంచి 6 దాకా అందరూ వ్యతిరేకులే. మొదటివాళ్ళ శాతంలోంచి చివరివాళ్ళ శాతం తీసేస్తే వచ్చేదే ఎన్‌పీఎస్, అంటే నెట్ ప్రమోటర్ స్కోర్. ఇప్పుడు మనవైపు చూడండి. డెబ్భై శాతం వస్తే ఫస్ట్ క్లాస్ అని స్వీట్లు పంచుకున్న తరం మనది. పదికి ఏడు ఇచ్చిన కర్నూలు పెద్దాయన మనల్ని మెచ్చుకున్నాననే అనుకుంటాడు, పాపం. ఆయన మెప్పు మా చార్టులో ఎక్కడా కనపడదు. పొరపాటున ఆరు నొక్కాడా, శత్రువే.

పోనీ అక్కడితో ఆగామా? ఆ అంకెని తీసుకెళ్ళి ఏజెంటు ఇన్సెంటివ్‌కి ముడిపెట్టాం. దాంతో బతిమాలడం మొదలైంది. "సార్, ఇప్పుడు మీకొక మెసేజ్ వస్తుంది సార్, దయచేసి తొమ్మిది గానీ పది గానీ ఇవ్వండి సార్, ఏడు ఇస్తే నాకేమీ రానట్టే సార్." క్యాబ్ డ్రైవరన్న అడుగుతాడు, పార్సిల్ తెచ్చిన అబ్బాయి మెట్ల మీద నిలబడి అడుగుతాడు, కారు సర్వీసింగ్ దగ్గరైతే ఇస్త్రీ చొక్కా వేసుకున్న అడ్వైజర్ మన ఫోన్ తీసుకుని తనే నొక్కేస్తాడు. మనం జాలిపడి ఐదు స్టార్లు ఇస్తాం. ఆ అంకె కొలిచింది మన జాలిని. నోరు తనంతట తాను అబద్ధం చెప్పలేదు, చెప్పమని మనమే బతిమాలాం. అదంతా చేసి ఇప్పుడు "ఛ, జనాన్ని నమ్మలేం, వాళ్ళ ఒంటినే అడుగుదాం" అంటున్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. (ఈ మంటని ఏ సెన్సరూ పట్టుకోలేదనుకోండి.)

నిజాయితీగా మాట్లాడినా మనిషికి తన కారణాలు తనకి తెలియకపోవడం కూడా ఉంది, అదీ ఒప్పుకుంటాను. నిస్బెట్, విల్సన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో రాసిన ఒక పరిశోధనా పత్రం ఈ రంగంలో అందరూ ఎత్తి చూపించేదే. బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు పరిచి, ఏది బాగుందో చెప్పండి అని షాపుకొచ్చినవాళ్ళని అడిగారు. నాలుగూ ఒకటే రకం, తేడా ఏమీ లేదు. ఎక్కువమంది కుడి చివర ఉన్నదాన్ని ఎంచుకున్నారు. ఎందుకంటే నేత బాగుందన్నారు, మెత్తగా ఉందన్నారు, కుడి చివర ఉంది కాబట్టి అని మాత్రం ఒక్కరూ అనలేదు. ఇది చదివినప్పుడు మా అమ్మ ధర్మవరంలో చీరలు ఎంచే పద్ధతి గుర్తొచ్చింది గానీ, ఆ సంగతి ఆవిడకి తెలియకుండా ఉండటమే మంచిది. సరే, మనుషులు తమ ఇష్టానికి కారణాలు అల్లుకుంటారు. కానీ వాళ్ళు అల్లింది కారణాన్ని. ఇష్టాన్ని కాదు. "ఎందుకు" అనేది తెలియనంతమాత్రాన "నచ్చిందా" అనేదీ తెలియదనడం పెద్ద గెంతు.

ఇంతకీ ఒళ్ళు చెప్పేదేమిటి? చెమటతో మొదలుపెడదాం, అన్నిటికంటే పాత పరికరం అదే. అరచేతుల్లో, అరికాళ్ళలో స్వేదగ్రంథులు చాలా దట్టంగా ఉంటాయి. మనసు ఉలిక్కిపడితే, ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నాడీవ్యవస్థ వాటికి కబురు పంపుతుంది, చర్మం కాస్త తడుస్తుంది, తడిసిన చర్మంలోంచి కరెంటు కొంచెం తేలిగ్గా వెళ్తుంది. వేళ్ళకి రెండు ఎలక్ట్రోడ్లు తగిలించి ఈ మార్పుని కొలుస్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కార్ల్ యూంగ్ అనే మానసిక వైద్యుడు తన పేషెంట్లకి ఒక్కొక్క మాటే చెప్తూ వాళ్ళ చర్మం ఎక్కడ స్పందిస్తుందో చూశాడు. ఇప్పుడు చేతి గడియారాల్లో కూడా వస్తోంది, ఫిట్‌బిట్ 2020లోనే పెట్టింది. పరికరం మంచిదే, అబద్ధం ఏమీ లేదు. కాకపోతే అది చెప్పేది ఒక్కటే, లోపల ఏదో కదిలింది అని. ఆ కదిలింది ఆనందమా, భయమా, చిరాకా అన్నది చర్మానికి తెలియదు. పైగా ఉలికిపాటుకి చర్మం జవాబిచ్చేది ఒకటి నుంచి మూడు సెకన్లు ఆలస్యంగా. ఈలోపల కౌంటర్ దగ్గర బిల్లు ప్రింటయింది, పక్కన పిల్లాడు చాక్లెట్ కోసం ఏడ్చాడు, ఫోన్లో బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఏ కదలిక దేనిదో మీరే చెప్పండి.

కనుపాప సంగతీ అంతే. 1960లో ఎకార్డ్ హెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, ఆసక్తి కలిగించే బొమ్మలు చూస్తే కనుపాపలు పెద్దవవుతాయని చూపించింది. ప్రకటనల వాళ్ళకి పండగే పండగ. ఆరేళ్ళ తర్వాత కానెమన్, బీటీ ఇద్దరూ కలిసి, అంకెల వరసని గుర్తుపెట్టుకోమన్నా కనుపాపలు పెద్దవవుతాయని తేల్చారు, అంకెలు పెరిగే కొద్దీ పాప కూడా పెరుగుతుందట. అంటే బిల్లులో జీఎస్టీ రెండుసార్లు పడిందేమోనని మనసులో లెక్కేసుకుంటున్న నా కళ్ళు కూడా పెద్దవే అవుతాయి, స్క్రీన్ మీద "కస్టమర్ ఆసక్తిగా ఉన్నారు" అని వస్తుంది. పైగా కనుపాపని అన్నిటికంటే ఎక్కువగా కదిపేది వెలుతురు. బయట ఎండలోంచి మాల్ లోపలికి అడుగుపెట్టిన ప్రతివాడి కనుపాపలూ పెద్దవే.

ఇంక నవ్వు. 1862లో డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ముఖ కండరాలకి కరెంటు పెట్టి చూసి, నిజమైన నవ్వులో పెదాల చివర్లతోబాటు కళ్ళ చుట్టూ ఉండే కండరం కూడా కదులుతుందన్నాడు. 1978లో ఎక్మన్, ఫ్రీసెన్ ముఖంలోని ప్రతి చిన్న కదలికకీ నంబరిచ్చి ఒక కోడు తయారుచేశారు. ఇవాళ ముఖం చదువుతామనే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి అదే పునాది. కోడు దాకా బాగానే ఉంది, ఏ కండరం కదిలిందో కెమెరా చెప్పగలదు. అక్కణ్ణుంచి "కాబట్టి ఈయన సంతోషంగా ఉన్నాడు" అనడం దగ్గరే గోతిలో పడతారు. ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పరిశోధన 1979 నాటిది. క్రౌట్, జాన్‌స్టన్ అనేవాళ్ళు బౌలింగ్ (క్రికెట్‌ది కాదు, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట) ఆడేచోటికి వెళ్ళి, పిన్నులన్నీ పడగొట్టినవాళ్ళ ముఖాలు చూశారు. పిన్నుల వైపు చూస్తున్నంతసేపూ ఎవరూ పెద్దగా నవ్వలేదు. వెనక్కి తిరిగి స్నేహితుల్ని చూశాకే నవ్వారు. నవ్వు ఎక్కువగా ఎదుటి మనిషి కోసం. మనం ఒంటరిగా మెట్రో టికెట్ మెషీన్ ముందు నిలబడి, టికెట్ రాగానే పళ్ళు ఇకిలించం కదా. మరి అక్కడ కెమెరా పెట్టి తృప్తిని కొలుస్తామంటే దొరికేవన్నీ రాతి ముఖాలే. అదే మనిషి సేల్స్ గర్ల్ ముందు మర్యాదకి నవ్వుతాడు, నచ్చని చీరని మడిచి తిరిగిస్తూ కూడా.

2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్‌తో కలిపి అయిదుగురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని తిరగేసి, ముఖం కదలికల్ని బట్టి భావాన్ని నమ్మకంగా చెప్పలేమని తేల్చారు. కోపం వచ్చినవాళ్ళందరూ కనుబొమ్మలు ముడవరు, ముడిచినవాళ్ళందరికీ కోపం రాలేదు. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన ముఖ గుర్తింపు సర్వీసులోంచి భావాలు ఊహించే భాగాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అంత పెద్ద కంపెనీ ఒద్దనుకున్నదాన్ని మా కాన్ఫరెన్స్ రూములో సరికొత్తది అంటూ ప్రొజెక్టర్ మీద చూపిస్తారు, మేము బిస్కెట్లు తింటూ చూస్తాం. కెమెరాతో గుండె వేగం లెక్కపెట్టడం ఇంకోటి. రక్తం కొట్టుకున్నప్పుడల్లా చర్మం రంగులో వచ్చే కంటికందని మార్పుని పట్టుకుంటారు. నిజంగా అద్భుతమే, కాకపోతే చర్మం నల్లగా ఉంటే, ఆ రంగునిచ్చే మెలనిన్ వెలుతుర్ని పీల్చుకుని సిగ్నల్ బలహీనమవుతుంది. మన క్యూలో నిలబడేవాళ్ళ రంగులు ఎన్ని రకాలో నేను చెప్పక్కర్లేదు.

మాకు నేరుగా సంబంధించింది గొంతు, కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక టూల్‌ని ట్రయల్‌కి తీసుకుని, పాత రికార్డింగులు దానిచేత వినిపించాం. స్వరం ఎత్తు, వేగం, మధ్యలో ఆగడాలు, ఇవన్నీ చూసి కాల్ పొడుగునా రంగులు వేస్తుంది, కోపమైతే ఎరుపు, తృప్తి అయితే ఆకుపచ్చ. ఒక కాల్ మొదట్నుంచి చివరిదాకా ఎర్రగా వచ్చింది. విన్నాను. కదిరి వైపు మనిషి, వెనకాల బస్టాండు గోల. "ఏమప్పా, నా దుడ్డు యాడికి పోయినట్ల?" అని మొదలుపెట్టి, పని అయిపోయాక "మంచిదప్పా, బాగా చెప్పినావు, నీ పేరేం?" అని అడిగి మరీ పెట్టాడు. ఆయనకి కోపం లేదు. మా వైపు మనుషులు అంతే, పొలానికి ఈ గట్టున నిలబడి ఆ గట్టునున్నవాళ్ళతో మాట్లాడిన గొంతులు. ఇంకో కాల్ మొత్తం ఆకుపచ్చ. అమలాపురం వైపు ఆవిడ, నెమ్మదైన గొంతు, తొందర లేదు, ఏజెంటు ఏం చెప్పినా "ఆయ్... పర్లేదండి... అలాగేనండి" అంది. టూల్ ఆవిడకి దాదాపు నూటికి నూరు వేసింది. ఆవిడ మర్నాడే సర్వీసు మానేసింది. ఆ "పర్లేదండి"ని తెలుగువాళ్ళు ఎవరు విన్నా, ఈవిడ మనల్ని వదిలేసింది అని మొదటి నిమిషంలోనే అర్థమవుతుంది. మీ మోడల్‌కి ఏ జిల్లా గొంతులతో నేర్పారు అని అడిగితే "ఇట్స్ మల్టీలింగ్వల్ మేడం" అన్నారు. మల్టీలింగ్వల్ అయితే మంచిదే, ముందు తెలుగు లోపలే ఎన్ని గొంతులున్నాయో చూడండి నాయనా.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన లోపం కూడా కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు, అంటే మనసు కదిలితే ఒంటి మీద బయటపడే గుర్తులు, ఎనిమిది చెప్పాడు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఒకసారి ఈ జాబితాని వెండర్ బ్రోచర్ పక్కన పెట్టి చూడండి. చెమట, గొంతు మారడం, వణుకు, ముఖం రంగు మారడం, అన్నీ ఉన్నాయి, సెన్సర్లు మాత్రమే లేవు. ఆ తర్వాత ఒక్కోదానికీ కారణాలు చెప్తూ, చెమట కోపం వల్ల రావచ్చు, భయం వల్ల, ఆనందం వల్ల, సిగ్గు వల్ల, దుఃఖం వల్ల, శ్రమ వల్ల, జబ్బు వల్ల, వేడి వల్ల రావచ్చు అన్నాడు. ఒకే చెమటకి ఇన్ని తల్లులు. మరి నాటకం చూసేవాడికి ఇది ఏ చెమటో ఎలా తెలుస్తుంది? కథ తెలుసు కాబట్టి. అప్పటిదాకా ఏం జరిగిందో, ఎదురుగా ఎవరున్నారో, ఏం మాట అన్నారో చూశాడు కాబట్టి. మా డ్యాష్‌బోర్డు మీద ఉండేది చెమట మాత్రమే. కథ ఉండదు. కథ కావాలంటే కస్టమర్‌ని అడగాల్సిందే, అడగక్కర్లేదనే కదా దీన్ని అమ్మింది.

పోనీ సెన్సర్లన్నీ రేపటికల్లా బాగుపడ్డాయే అనుకుందాం, ప్రతి క్షణం లోపల ఏం జరుగుతోందో ఖచ్చితంగా చెప్పేస్తాయనుకుందాం. అప్పుడు కూడా తృప్తి దొరకదు. 1996లో రెడెల్మయర్, కానెమన్ కలిసి కొలనోస్కోపీ చేయించుకుంటున్న రోగుల్ని నిమిష నిమిషానికీ నొప్పి ఎంతుందో అడిగారు, అయిపోయాక మొత్తంగా ఎలా ఉందో అడిగారు. రోగుల జ్ఞాపకం మీద పరీక్ష ఎంతసేపు జరిగిందన్నది పెద్దగా పనిచెయ్యలేదు. నొప్పి బాగా ఎక్కువైన క్షణం, చివరి నిమిషాలు, ఈ రెండే పనిచేశాయి. అనుభవించేటప్పటి సంగతి వేరు, తర్వాత మనసులో నిలిచే లెక్క వేరు. వ్యాపారంలో ఇంకా దూరం ఉంటుంది. ఫ్రిజ్ కొన్నరోజు నా గుండె ఎలా కొట్టుకుందో దేనికి? రెండు వారాల తర్వాత గ్యాస్ లీకైనప్పుడు మెకానిక్ వచ్చాడా, వచ్చి "వారంటీలో లేదు మేడం" అన్నాడా అన్నదాంట్లోంచి కదా నా తృప్తి తయారయ్యేది. తృప్తి అంటే నేను కూర్చుని, ఇచ్చిన డబ్బునీ వచ్చిన వస్తువునీ పడ్డ తిప్పల్నీ బేరీజు వేసుకుని ఇచ్చే తీర్పు. నా తీర్పు నా స్వేదగ్రంథుల్లో తయారవదు.

ఒళ్ళు కొలవడం ఎందుకూ పనికిరాదని మాత్రం నేననడం లేదు. కనుబొమ్మల మధ్య కండరం మీద ఎలక్ట్రోడ్ అంటించి చూస్తే, అసహ్యమైనవి చూసినప్పుడు అక్కడ విద్యుత్తు పెరుగుతుందని చాలా ప్రయోగాల్లో తేలింది. అక్కడ మంచికీ చెడుకీ తేడా కొంతవరకు దొరుకుతుంది. కొత్త యాప్ తయారుచేసేటప్పుడు కొంతమందిని పిలిచి, సంతకం తీసుకుని, చూపు ఎక్కడ ఆగుతోందో ట్రాక్ చేస్తే "పే" బటన్ వాళ్ళకి కనపడట్లేదన్నది అయిదు నిమిషాల్లో తెలుస్తుంది, మాటల్లో అడిగితే వాళ్ళు "అంతా బాగుందండి" అనే అంటారు. దానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ అక్కడ మనిషి ఒప్పుకుని కూర్చున్నాడు, పక్కన ఇంకో మనిషి కూర్చుని "ఇక్కడ ఆగారేం?" అని అడుగుతోంది, కొలిచేది బటన్‌ని. ఇవన్నీ వదిలేసి ఊళ్ళోవాళ్ళందరి ముఖాలకీ మార్కులెయ్యడం అదే సైన్సు కాదు.

ఇంక మర్యాద సంగతికొస్తాను. దీనికి బెంగళూరు కంటే తగిన ఊరు లేదు. ఇరవయ్యేళ్ళ కింద నార్కో పరీక్షలంటే (మందు ఎక్కించి మత్తులో మనిషిచేత మాట్లాడించడం) ఇక్కడి ఫోరెన్సిక్ ల్యాబ్ పేరే వినిపించేది. టీవీల్లో ఆ వీడియోలు వేసేవాళ్ళు కూడా. ఆ పరీక్షల మీద వేసిన కేసే సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక. 2010 మే 5న సుప్రీంకోర్టు, నార్కో గానీ, పాలీగ్రాఫ్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ మనిషి ఒప్పుకోకుండా చెయ్యడానికి వీల్లేదని తీర్పిచ్చింది. పాలీగ్రాఫ్ ఏం కొలుస్తుంది? రక్తపోటు, నాడి, ఊపిరి, చర్మం మీద చెమట. మా వెండర్ బ్రోచర్ లోని సరుకే. నోరు తెరవకపోయినా, ఒంట్లోంచి బలవంతంగా లాగిన స్పందన కూడా ఆ మనిషి సాక్ష్యం కిందికే వస్తుంది అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. హత్య కేసులో నిందితుడికి కూడా "నా ఒళ్ళు మీతో మాట్లాడదు" అనే హక్కుంది. షాంపూ కొనడానికి వెళ్ళిన నాకు లేదా? (చట్టం తెలిసినవాళ్ళు అది రాజ్యానికీ పౌరుడికీ మధ్య సంగతి, షాపుకి వర్తించదు అంటారు. తెలుసు. నేను కోర్టుకి వెళ్ళట్లేదు, సిగ్గుండాలి కదా అంటున్నాను.) గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు తేల్చిన కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జే.

యూరప్‌లో 2025 ఫిబ్రవరి నుంచి ఆఫీసుల్లో, చదువుకునే చోట్ల మనుషుల భావాల్ని ఏఐతో ఊహించడం నిషేధం, వైద్యానికీ భద్రతకీ తప్ప. కస్టమర్ల విషయంలో నిషేధం లేదు. అక్కడ కూడా కస్టమర్ అంటే అంతే మరి. మన 2023 డేటా చట్టంలో సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లీషులోనే కాకుండా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలుండాలని ఉంది. అంటే తెలుగులో కూడా. నాకు ఆ క్లాజు చాలా ఇష్టం, ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

ఆఫీసుల్లో నిషేధం ఎందుకు పెట్టారో మా ఫ్లోర్ మీద ఒక్కరోజు కూర్చుంటే అర్థమవుతుంది. కాల్‌లో గొంతులు రెండుంటాయి. కస్టమర్ గొంతుకి రంగులేసే టూల్ ఏజెంటు గొంతుకి వెయ్యకుండా ఎందుకుంటుంది? విమానాల్లో పనిచేసే అమ్మాయిలు జీతం కోసం రోజంతా నవ్వుని ఎలా తయారుచేస్తారో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త 1983లోనే రాసింది. పెదాలతో నవ్వడం సరిపోక, లోపలి నుంచి కూడా నవ్వాలని కంపెనీలు ఎలా నూరిపోస్తాయో కూడా రాసింది. ఇప్పుడు ఆ లోపలిదాన్ని కొలిచే మెషీన్ వచ్చిందంటున్నారు. నెలసరి నొప్పితో కూర్చున్న అమ్మాయికి "నీ వెచ్చదనం స్కోరు తగ్గింది" అని మెసేజ్ వస్తుంది. సర్వే అంకెతో జరిగిందే దీంతోనూ జరుగుతుంది, తేడా ఉండదు. ఇన్సెంటివ్‌కి ముడిపెడతారు, ఆ మర్నాటి నుంచి ఏజెంట్లు టూల్‌కి నచ్చే గొంతు నేర్చుకుంటారు, కస్టమర్ అరవకుండా ఉంటే చాలని అడిగినదానికల్లా "చేస్తాం సార్" అంటారు. చార్టు పచ్చగా ఉంటుంది. పని జరగదు.

మరి నువ్వేం చేస్తావు అంటారా? నా రిపోర్టులో నేను ముందు పెట్టేది చాలా మొరటు లెక్క. ఒకే మనిషి ఒకే పని మీద వారంలోపు మళ్ళీ ఫోన్ చేశాడా? చేశాడంటే మొదటిసారి ఎంత తియ్యగా మాట్లాడినా పని అవలేదనే. దానికి ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. రెండోది, మానేసినవాళ్ళకి ఫోన్ చేసి, వెనక్కి రమ్మని అడక్కుండా, ఎందుకు మానేశారు అని మాత్రమే అడగడం. రేటింగ్ ఉండదు, ఏజెంటు పేరు ఉండదు. అమలాపురం ఆవిడలాంటివాళ్ళు అప్పుడు గానీ నోరు విప్పరు, విప్పాక ఆపరు.

ఇంతకీ మా కాన్ఫరెన్స్ రూములో, షాపుల్లో పెట్టి ముఖాలు చదివే కెమెరాల డెమో ఇచ్చిన అబ్బాయి మన గుంటూరు అబ్బాయే. మీటింగయ్యాక పాంట్రీలో టీ తాగుతూ తెలుగులోకి దిగాడు. నేనన్నాను, "తమ్ముడూ, అంత మంచి ప్రోడక్ట్ అయితే గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టిద్దాం, ఇక్కడ మీ ముఖం, గుండె వేగం చదువుతున్నాం అని. కన్నడలో, తెలుగులో, ఇంగ్లీషులో." అతను నవ్వేశాడు. "అయ్యో, బోర్డు పెడితే జనం మామూలుగా ఉండరు కదక్కా. డేటా మొత్తం పాడైపోద్ది." ఆ రోజు మొత్తం మీద నాకు దొరికిన నిజమైన జవాబు అదొక్కటే. సర్వే ఎంత దరిద్రంగా ఉన్నా కస్టమర్‌కి తెలిసే జరుగుతుంది, ఇష్టం లేకపోతే ఫోన్ పెట్టేస్తాడు. ఇది తెలిస్తే పనిచెయ్యదు.

కెమెరాలు కొనలేదు, నా వాదన విని కాదు, రేటు చూసి. గొంతు టూల్ మాత్రం కొన్నారు. కాల్ మొదట్లో వచ్చే "నాణ్యత కోసం ఈ కాల్ రికార్డు చేయబడుతుంది" అన్న మాట ఎప్పటిదో అదే వినిపిస్తోంది. దాని తర్వాత ఇంకో వాక్యం చేర్చమని నేను తెలుగులోనూ, మా టీమ్‌లో కన్నడ అమ్మాయి కన్నడలోనూ రాసి పంపాం. "మీ గొంతుని బట్టి మీ మూడ్ ఎలా ఉందో కంప్యూటర్ అంచనా వేస్తుంది, వద్దనుకుంటే 2 నొక్కండి." అది లీగల్ వాళ్ళ దగ్గర ఉంది. 2 నొక్కేవాళ్ళు ఎక్కువైతే ఏం చెయ్యాలి అని మాత్రం ఒక ప్రశ్న వెనక్కి వచ్చింది.